అంగిట్లో ఇసుక

అసిరమ్మ నోట్లో నిప్పు పెట్టుకుని చేపలకు బేరం ఆడగలదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను లోపలికి తిప్పి పెదాలు మూసుకుంటుంది. బయటికి కనిపించేది చల్లటి కొస మాత్రమే. అడ్డపొగ అంటారు దాన్ని. మొగలిపేటలో నలభై దాటిన ప్రతి ఆడమనిషికీ ఆ అలవాటు ఉంది, దానికి తగిన కారణమూ ఉంది. ఒడ్డున గాలికి బయటి నిప్పు నిలవదు. నెత్తిన చేపల గంప ఉంటే రెండు చేతులూ దానికే సరిపోతాయి. బూడిద రాలితే చేపల మీదే రాలుతుంది. అదే నిప్పు లోపల ఉంటే ఆరదు, రాలదు, ఒక్క చుట్ట గంటసేపు వస్తుంది. పై ఊళ్ళ వాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూస్తారు గానీ, ఆ ఒడ్డున అది తలకు నూనె రాసుకోవడమంత మామూలు సంగతి.

అసిరమ్మ కూతురు నూకరత్నం శాస్త్రవేత్త. విశాఖపట్నంలో సాగరరేఖ అనే పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడ అందరూ ఆమెను రత్న అంటారు. ముందున్న నూక ఊళ్ళోనే ఉండిపోయింది.

నూకరత్నం పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. దాని మీదుగా పడవలు వెళ్తాయి. సముద్రం ఏటేటా వేడెక్కుతూ, ఉబ్బుతూ, మొగలిపేటలో మూడు వరసల ఇళ్ళను మింగింది. ప్రభుత్వం లారీలతో బండరాళ్ళు తెచ్చి పోస్తే వాటినీ మింగింది. నాలుగో వరసలో అన్న ఎర్రయ్య ఇల్లుంది. భార్య, అయిదేళ్ళ కూతురు, తల్లి, అందరూ అందులోనే. ఇంక జరగడానికి వెనక స్థలం లేదు. వెనక ఉన్నది రొయ్యల చెరువులు, వాటి యజమానులు జరగనివ్వరు.

ఆ సముద్రానికి అడ్డంగా నూకరత్నం ఒక పురుగును పెట్టింది. పురుగంటే కంటికి కనిపించేది కాదు, సూక్ష్మజీవి. ఎండబెడితే గింజలా ముడుచుకుని ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఒడ్డున ఇసుకలో కలిపి గట్టుగా పోస్తే, నడివేసవి ఎండకు ఆ ఇసుక కాలి అరవై అయిదు డిగ్రీలు దాటి పది నిమిషాలు అలాగే ఉంటే, అప్పుడు లేస్తుంది. లేచాక దానికి కావలసినవి రెండే, యూరియా, సున్నం. ఆ రెండూ కలిపిన నీళ్ళు ట్యాంకరుతో చల్లితే, తిని, రేణువుకీ రేణువుకీ మధ్య రాయి కడుతుంది. అల వచ్చి ఒక ముక్క ఊడగొడితే పదిరోజుల్లో ఆ గండి పూడ్చేస్తుంది. తనను తాను బాగుచేసుకునే గోడ అది. ప్రయోగశాలలో మొదటి పిడికెడు ఇసుక గట్టిపడి గాజుబల్ల మీద టక్కుమన్న రోజున నూకరత్నం మరుగుదొడ్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది.

అరవై అయిదు డిగ్రీల తాళం ఊరికే పెట్టలేదు. కేంద్రం పెద్ద ప్రభంజన్ గారు మెత్తటి మనిషి, జాగ్రత్త ఎక్కువ. గోడ పోయడానికి ముందు జరిగిన సమావేశంలో ఆయన అందరికీ గుర్తుచేశారు. మనిషి ఉమ్మిలో యూరియా ఉంది, సున్నమూ ఉంది. నిద్రపోతున్న గింజ కడుపులోకి పోతే ఫరవాలేదు, అలాగే బయటికి పోతుంది. లోపల లేచిందంటే మాత్రం దానికి పెళ్ళి భోజనమే. మన ఒంటి వేడి ముప్పై ఏడు, కాబట్టి లేవదు. వేడి టీతో లేస్తుందేమోనని అదీ పరీక్షించారు. టీ నోట్లో పది నిమిషాలు ఉండదు గనక లేవలేదు.

అప్పుడు స్థానికుల అలవాట్ల పట్టిక బయటికి తీశారు. ప్రభంజన్ గారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నూకరత్నం వైపు తిరిగారు.

"మీరు ఆ ఊరివారే కదమ్మా. అరవై అయిదు దాటిన వేడి, పది నిమిషాల పాటు ఒంటి లోపల ఉండే అలవాటు ఏదైనా ఉందా అక్కడ?"

ఎవరో నవ్వారు. నిప్పు మింగేవాళ్ళుంటారా సార్ అన్నారు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

నూకరత్నానికి హాస్టల్ మెట్లు గుర్తొచ్చాయి. ఇంటర్మీడియట్ మొదటి ఏడు, తల్లి ఎండు నెత్తళ్ళ పొట్లం తీసుకుని బస్సులో వచ్చి మెట్ల మీద కూర్చుంది. అలవాటు కొద్దీ చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుంది. ఆడపిల్లలంతా మేడ మీది నుంచి వింతగా చూశారు. నోట్లో నిప్పెట్టుకుంది చూడవే, ఎవరే ఆవిడ, అని పక్క గది పిల్ల అడిగితే నూకరత్నం "మా ఊళ్ళో చేపలమ్మే ఆవిడ" అంది. అసిరమ్మ వింది. లేచి వచ్చి, పొట్లం చేతికిచ్చి, "మీ యమ్మ ఇమ్మన్నాదమ్మా" అని చెప్పి, గేటు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ హాస్టల్‌కి రాలేదు. ఆ మాట తల్లీకూతుళ్ళ మధ్య ఇంకెప్పుడూ రాలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చల్లగా ఉన్న ఆ గదిలో, నవ్వుతున్న ఆ మనుషుల మధ్య, మా అమ్మ నిప్పు లోపలికి తిప్పి కాలుస్తుందని చెప్పడానికి నూకరత్నానికి నోరు రాలేదు. చుట్ట సంగతి గింజల సంగతితో ముడిపడుతుందని ఆమెకు అప్పుడు తట్టలేదని అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ తట్టింది. ఒక్క క్షణం స్పష్టంగానే తట్టింది. నోట్లోకి ఇసుక ఎందుకు పోతుందిలే అని ఆ క్షణాన్నే దాన్ని నొక్కేసింది. పట్టికలో ఆ ప్రశ్నకు ఎదురుగా "లేదు" అని రాసి సంతకం పెట్టింది.

గోడ లేచింది. మొదటి వేసవికే మోకాలెత్తు రాయి, రెండో వేసవికి మనిషెత్తు. ఆ కార్తీకంలో వచ్చిన తుఫాను అటూ ఇటూ ఊళ్ళను ఊడ్చిపెట్టింది గానీ మొగలిపేటలో సముద్రపు నీటికి ఒక్క గడప తడవలేదు. ఊరు ఊరంతా గంగమ్మకు మొక్కు చెల్లించి నూకరత్నానికి చీర పెట్టింది. టీవీ వాళ్ళు వచ్చారు. కెమెరా తిరగగానే అసిరమ్మ ఎవరూ చెప్పకుండానే చుట్ట తీసి గుప్పిట్లో దాచుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి జనంలో కలిసిపోయింది. నూకరత్నం చూసింది. రా అమ్మా అని పిలవలేదు.

గోడ మీద చదునుగా, శుభ్రంగా, పెనంలా కాలుతూ ఉంటుంది. చేపలు ఎండబెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు మొగలిపేట ఆడవాళ్ళకు ఎన్నడూ దొరకలేదు. పొద్దున్నే నెత్తళ్ళు, కవళ్ళు పరిచేవాళ్ళు. బేరం పొడుగైతే నోట్లో చుట్ట తీసి గోడ మీద పెట్టేవాళ్ళు. బేరం తెగాక, ఉమ్మితో తడిసిన ఆ చుట్టకు అంటుకున్న ఇసుకను పైపైన దులిపి, నిప్పు లోపలికి తిప్పి పెట్టుకునేవాళ్ళు.

మూడో వేసవి మొదట్లో అసిరమ్మ అన్నం మానేసి గంజి తాగడం మొదలుపెట్టింది. ఎర్రయ్య ఫోను చేస్తే నూకరత్నం తల్లిని పట్నం రప్పించి పెద్ద ఆస్పత్రిలో చూపించింది. అంగిలి మీద తెల్లటి మచ్చ. చుట్టలు కాల్చేవాళ్ళకు మామూలే అన్నాడు డాక్టరు. పరీక్షకు చిన్న ముక్క కోయబోతే కత్తి టక్కుమని ఆగింది. ఆయన కత్తి వంక చూసుకుని, మరో కత్తి తెప్పించి, అదీ ఆగాక, ఇదేదో అరుదైన కేన్సరు కావచ్చు, నెల తర్వాత రమ్మన్నాడు.

ఆ టక్కుమన్న చప్పుడు నూకరత్నం అంతకు ముందు విన్నదే. తల్లిని తీసుకుని ఊరికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం వడగాలికి ఇంటి తలుపులన్నీ మూసి ఉన్నాయి. లోపల చీకటిగా ఉంది. సంచిలో నుంచి ఊదా రంగు దీపం తీసింది. గోడలో జీవి బతికుందో లేదో చూడటానికి వాడే దీపం అది. బతికుంటే ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది. అలా మెరిసే గుణం ఆ జీవిలో పెట్టింది నూకరత్నమే.

"నోరు తెరువమ్మా" అంది.

అసిరమ్మ తెరిచింది. అంగిలి మొత్తం పచ్చగా వెలిగింది. కొండనాలుక వెలిగింది. దాని వెనక, గొంతులోకి, దీపం అందినంత దూరమూ పచ్చగానే ఉంది.

నూకరత్నం దీపం ఆర్పి అలాగే కూర్చుంది. తల్లి ముఖం చూడటానికి భయం వేసింది. అంతకంటే ఎక్కువ భయం, తల్లి తన ముఖం చూస్తుందేమోనని.

"అంగిలి గరుకుగా ఉంటోందే. నాలిక తగిల్తే గీసుకుంటంది" అంది అసిరమ్మ. మరోసారి నాలుకతో తడుముకుని, "ఏటీ, కేన్సరేనా?" అని అడిగింది.

"అవునమ్మా. కేన్సరే."

"అందరూ సెప్పినోరే, సుట్ట మానియ్యి మానియ్యి అని. నానే ఇన్నేదు." కూతురి చెయ్యి పట్టుకుని తట్టింది. "నా తప్పుకు నివ్వేల ఏడుస్తావు, ఒగ్గీ."

ఇలాంటి మాటకు ఏ తల్లి బిడ్డయినా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుందని మనం అనుకుంటాం. నూకరత్నం చెప్పలేదు. తల్లి తన తప్పే అనుకోవడం ఆ నిమిషంలో ఆమెకు ఆసరాగా ఉంది. సిగ్గుచేటే గానీ నిజం.

మందు లేక కాదు. విరుగుడు ఉంది. జీవిని తయారుచేసినప్పుడే దాన్ని చంపే మరో జీవినీ తయారుచేసి, నీలం మూత సీసాలో, తాళం వేసిన ఫ్రిజ్‌లో పెట్టారు. చెంచాడు చాలు. మర్నాడు పొద్దున్నే నూకరత్నం ప్రభంజన్ గారి గదికి వెళ్ళి తలుపు వేసి సంగతి అంతా చెప్పింది. అడ్డపొగ అంటే ఏమిటో చెప్పింది. తన జేబులోని పెన్నును చుట్టలా తిప్పి పట్టుకుని చూపించింది కూడా.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. బీరువాలో నుంచి పట్టిక తీసి బల్ల మీద పరిచారు. ఆమె సంతకం, పైన ఆమె చేతిరాతలో ఆ ఒక్క మాట. దాని కింద ఇంకో కట్ట పెట్టారు.

"గోడలు పోస్తున్న మిగతా నలభై ఊళ్ళవి" అన్నారు. "మీ ఊరి పట్టికకే నకళ్ళు తీయించాం. తీరమంతా ఒకటే జనం కదా అని. ఇసుక పోసేశారు. ఈ వేసవికి అన్నీ లేస్తాయి."

ఎంతమంది కాలుస్తారని అడిగారు. ఒక్క మొగలిపేటలోనే నూట అరవై మంది ఆడవాళ్ళని చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి పట్టికల కట్ట మీద పెట్టారు. తర్వాత ఒక్కొక్కటే విడమరిచి చెప్పారు. విరుగుడు మనిషి నోట్లో ఆగదు. ఊపిరిలో వస్తుంది, ఉమ్మిలో వస్తుంది, ఉమ్మి ఇసుకలో పడుతుంది, గోడను బాగుచేసే జీవినీ చంపేస్తుంది. ఒక్క మనిషినైతే గాజుగదిలో పెట్టి కాపాడవచ్చు. కానీ ఆ ఒక్కరి కోసం నిజం రాయాలి, నిజం రాస్తే అందరికీ ఇవ్వాలి, అందరికీ ఇస్తే వర్షాకాలం వెళ్ళేలోపు గోడలు మళ్ళీ ఇసుకే. ఆ తర్వాత వచ్చేది తుఫాన్ల కాలం.

"నేను ఫోను చేస్తే గోడల పని ఇవాళే ఆగిపోతుంది" అన్నారు. "చెయ్యమంటే చేస్తాను. మీరే చెప్పండమ్మా. మీ ఊరు." ఆ మాట అని గదిలోంచి బయటికి వెళ్ళిపోయారు. మంచివాళ్ళు కూడా భారాన్ని పక్కవాళ్ళ నెత్తికి ఎత్తడంలో ఆరితేరి ఉంటారు.

నూకరత్నం అన్నకు ఫోను చేసింది. వెనక కూతురు ఏదో పాట పాడుతోంది. ఎర్రయ్య మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు.

"మందేస్తే గోడ ఉంటాదా?" అని అడిగాడు చివరికి.

"ఉండదన్నా."

పిల్ల పాట ఆగి, మళ్ళీ మొదలైంది. ఎర్రయ్య దగ్గాడు.

"నివ్వు నాకు ఫోను సెయ్యనేదు, సెల్లే. నానేటీ ఇన్నేదు" అని పెట్టేశాడు.

ప్రభంజన్ గారు తిరిగొచ్చేసరికి నూకరత్నం పట్టికలన్నీ కట్టగట్టి బీరువాలో పెట్టేసి ఉంది. ఆయన చూశారు. టీ తెప్పించారు. ఆ టీ ఇద్దరూ తాగారు.

అసిరమ్మకు ముందు గొంతు పోయింది, తర్వాత మింగుడు పోయింది. చివరి వారం నూకరత్నం సెలవు పెట్టి పక్కనే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల వినిపించేది. ఊరివాళ్ళంతా వచ్చి చూసి, చుట్ట ఎంత పని చేసిందమ్మా అని నిట్టూర్చి, బయటికి వెళ్ళి చుట్ట వెలిగించుకునేవాళ్ళు. మాట రాని అసిరమ్మ వచ్చిన వాళ్ళందరికీ కూతుర్ని చూపించి, తన గుండెల మీద చెయ్యి వేసుకునేది. నా కూతురు, అని. హాస్టల్ మెట్ల మీద అనలేకపోయిన మాట, టీవీ వాళ్ళ ముందు అననివ్వని మాట, రోజుకు పదిసార్లు అలా చేత్తో చెప్పుకుంది. నూకరత్నం తల వంచుకునేది. ఒక మధ్యాహ్నం ఆ ఈల ఆగిపోయింది.

దహనం ఒడ్డునే చేశారు. మూడో రోజున ఎర్రయ్య బూడిద కెలికి ఎముకలు ఏరుతుంటే అరచేతి వెడల్పున గిన్నె బోర్లించినట్టున్న రాయి ఒకటి దొరికింది. లోపలి వైపు సన్నటి గీతలు, వరసగా పైపళ్ళ గుర్తులు. నడుమ, నిప్పు ఆనే చోట, నున్నటి గుంట. ఎర్రయ్య దాన్ని తిప్పి చూశాడు. చెల్లెలి వంక చూశాడు. గోడ ఎక్కి బూడిద, ఎముకలు సముద్రంలోకి వదిలాడు, చివరికి ఆ రాయీ విసిరాడు. విసురు చాలలేదో ఏమో, అది నీళ్ళ దాకా పోకుండా గోడ భుజం మీద పడి ఆగింది. దిగి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పన్నెండో రోజుకు దాని చుట్టూ ఇసుక గట్టిపడి అంచులు కూడా కలిసిపోయాయి. గోడ తన రాయిని తాను గుర్తుపట్టింది.

ఆ పన్నెండో రోజు భోజనాలయ్యాక నూకరత్నం పట్నానికి బయల్దేరుతుంటే, తల్లి చెల్లెలు కన్నమ్మ గోడ మీద కూర్చుని చేపలు తిరగేస్తూ పిలిచింది. పక్కన మరో ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. అవతల సముద్రం కసిగా గోడను కొడుతోంది, గోడ చలించడం లేదు. ఎర్రయ్య కూతురు ఆ నీడలో గవ్వలు ఏరుకుంటోంది.

పిన్నీ, నువ్వయినా చుట్ట మానెయ్యి అంది నూకరత్నం. కన్నమ్మ నవ్వి, మా యమ్మ తొంభై ఏళ్ళు వచ్చేదాకా కాల్చింది, ఇప్పుడు నేను మానితే ఆవిడ ఊరుకుంటుందా అంది. తర్వాత నవ్వు ఆపి, చుట్ట తీసి గోడ మీద పెట్టి, దగ్గరకు రమ్మని చెయ్యి ఊపింది.

"సదూకున్నదానివి, ఓపాలి సూడే. మీ యమ్మ పోయినకాడినుంచీ బయమేత్తంది. ఇక్కడ గరుకుగా తగుల్తంది."

ఎండ వైపు తిరిగి నోరు తెరిచింది. అంగిలి నడుమ బొటనవేలి గోరంత తెల్లటి మచ్చ ఉంది. సంచిలో ఊదా దీపం ఉంది. నూకరత్నం చెయ్యి సంచి దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. మిగతా ఆడవాళ్ళు కూడా చేపలు తిరగెయ్యడం ఆపి, ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నారు.

నూకరత్నం పట్నం చదువు మొదలుపెట్టిన నాటి నుంచి ఊరి యాసలో మాట్లాడటం మానేసింది. ఆ రోజు మాత్రం నోటికి అదే వచ్చింది.

"ఏటీ నేదు, పిన్నీ" అంది.

కన్నమ్మ హమ్మయ్య అనుకుని, గోడ మీది చుట్ట తీసి, అంటుకున్న ఇసుకను రెండు వేళ్ళతో దులిపి, వెలిగించి, నిప్పు లోపలికి తిప్పుకుని నోరు మూసుకుంది.